గోడ లేని వైపు

ఆయనకి దూర్వాసుడని పేరు పెట్టింది ఊరు కాదు, పోయిన భార్య. ఊరు దాన్ని ఖాయం చేసిందంతే. చూపు పసితనంలోనే పోయింది గానీ కోపం మాత్రం చెక్కుచెదరలేదు. పేము కుర్చీలు అల్లి బతుకుతాడు. చిరిగిన కుర్చీ ఎవరైనా తెస్తే అంచంతా తడిమి, "దీని మీద కూర్చున్నారా, దీంతో కొట్టుకున్నారా?" అని కడిగేసేవాడు. తిట్లు తిని మరీ తెచ్చేవారు జనం, అంత గట్టి అల్లిక ఇంకెక్కడా దొరకదు కనక.

ఒకరి చెయ్యి పట్టుకుని నడిచి ఎరగడు. ఇల్లు పెద్దరోడ్డుకి ఇవతల, కొట్టు అవతల. రోడ్డు అంచుని కర్రతో తాకి నిలబడి, ఇంకా మలుపు తిరగని బండి చప్పుడు కూడా ముందే పసిగట్టి, ఏమీ రావట్లేదని రూఢి చేసుకుని దాటేవాడు. నర్సు పని చేసే కూతురు "నేనొచ్చి తీసుకెళ్తా నాన్నా" అన్నప్పుడల్లా, "నన్ను మోసుకెళ్లే రోజు ఎలాగూ వస్తుంది, తొందరపడకు" అనేవాడు.

ఆ మలుపు పక్క ఖాళీ స్థలంలోనే బ్యాటరీల కేంద్రం వస్తుందన్నారు. ఎండకీ గాలికీ పుట్టిన కరెంటుని పెద్ద పెద్ద ఇనుప పెట్టెల్లో దాచి, సాయంత్రం అందరూ దీపాలు వేసుకునే వేళకి వదులుతారట. ఆయనకి దాని మీద పగేమీ లేదు. "దాచుకోవడం మంచిదే. చప్పుడెంత?" అని ఊరి సభలో ఒక్క ముక్క అడిగాడు. కంపెనీ మేనేజరు నవ్వి, "ఇంట్లో ఫ్రిజ్ అంత సార్" అన్నాడు. ఎన్ని ఫ్రిజ్‌లో చెప్పలేదు.

మిగతావాళ్ల బాధ వేరు. ఆ పెట్టెలు చూడ్డానికి దరిద్రంగా ఉంటాయని, దుకాణాల వైపు ఎత్తైన గోడ కట్టి తీరాలని పట్టుబట్టారు. ఎవరికి గోడ కావాలని మేనేజరు అడిగితే హాలంతా చేతులెత్తింది. కూతురూ ఎత్తింది. ఎత్తిన చేతికి చప్పుడుండదు కాబట్టి పక్కనే కూర్చున్న తండ్రికి ఆ సంగతి తెలియనే లేదు.

గోడ లేచింది. దాని మీద పూలతీగెలు పాకించారు. ఇక చూడండి, సరిగ్గా ఆయన కొట్టు కట్టేసే వేళకి పెట్టెలు వేడెక్కేవి, వాటిని చల్లబరిచే ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా అందుకునేవి. ఆ గోడ హోరుని దుకాణాల వైపు పోనివ్వకుండా తిప్పి మలుపు మీదికి కొట్టేది. రోడ్డు అంచున నిలబడితే లారీ వస్తోందో లేదో తెలియదు. జీవితంలో మొదటిసారి ఆయనకి చీకటి పడింది. కూతురు వెతుక్కుంటూ వచ్చేదాకా అక్కడే నిలబడి ఉన్నాడు.

మళ్లీ సభ పెట్టించాడు. "ఇంత హోరు మీకెవరికీ పట్టదా?" అని గర్జించాడు.

"అసలు మాకు కనబడటమే లేదు బాబాయ్" అన్నాడు కిరాణా కొట్టతను, ఏదో శుభవార్త చెప్పినట్టు.

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. "కనబడకపోతే లేనట్టేనా? నాకు మీలో ఒక్కడూ కనబడడు. మీరూ లేనట్టేనా?"

మేనేజరు అందుకున్నాడు. "ఊరు అడిగిన వైపు కట్టాం సార్. మలుపు వైపు రెండోదంటే పైవాళ్లు ఒప్పుకోరు. పోనీ కాసేపు పెట్టెలూ ఫ్యాన్లూ ఆపుదామంటే ఊరు చీకటైపోతుంది."

ఊరికి చెవిలో పువ్వు పెట్టాడు, ఊరు పెట్టించుకుంది. పైగా కిరాణా అతను లేచి, అందరం వంతులేసుకుని పెద్దాయన్ని రోడ్డు దాటిద్దాం అన్నాడు. సభంతా చప్పట్లు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

చెప్పొద్దూ, ఒళ్లు మండేది ఇక్కడే. రోజుకొకరు వచ్చి ఆయన్ని రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్లేవారు. చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచేవారు. ఇంటికెళ్లి, మంచి పని చేశామని హాయిగా నిద్రపోయేవారు. రెండో గోడ మాట ఎత్తిన పాపాన ఒక్కడూ పోలేదు. కూతురు కూడా "అలవాటైపోతుందిలే నాన్నా" అంది. ఆ పూట ఆయన భోజనం ముట్టలేదు.

మర్నాడు వంతు కిరాణా అతనిది. చెయ్యి పట్టుకోబోతే ఆయన విదిలించుకున్నాడు.

"ఇవాళ చెయ్యి వద్దురా. ఇక్కడే నిలబడి చూడు. చూడటం మీకు బాగా వచ్చుగా."

కర్ర ముందుకి చాచి రోడ్డు మీదికి దిగాడు. "బాబాయ్, లారీ!" అన్న కేక హోరులో కలిసిపోయింది. ఆయనకి వినబడ్డ చప్పుడు బ్రేకుది ఒక్కటే, అదీ మీదికొచ్చాక. లారీ ముందుభాగం కర్రకి తగిలి ఆగింది. అయినా ఆయన అక్కణ్నుంచి కదల్లేదు.

రెండు వైపులా బండ్లు నిలిచిపోయాయి. జనం చేరారు, మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "దండం పెడతా సార్, పక్కకి రండి."

"ముందు దాన్ని నోరు మూసుకోమను. నా చెవులతో నేనే దాటుతా. లేదంటే నడిరోడ్డు మీదే నా కాపురం."

మేనేజరు ఎవరెవరికో ఫోన్లు చేశాడు, బతిమాలాడు. హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఊళ్లో ఒక్క దీపం కూడా ఆరలేదు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లారీ ఇంజను ఎక్కడుందో ఆయనకి తెలిసింది. దాని వెనక ఎవరో తుమ్మారు. అవతలి అంచున కూతురు వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆ ఏడుపు వైపుకి, ఎవరి చెయ్యీ లేకుండా, తిన్నగా దాటేశాడు.

మేనేజరు వెనకనుంచి నెమ్మదిగా అడిగాడు, "ఇక మళ్లీ మొదలుపెట్టమని చెప్పొచ్చా సార్?"

"పెట్టుకో" అన్నాడాయన వెనక్కి తిరక్కుండా. "రేపు ఇదే వేళకి నేను మళ్లీ దాటాలి."