గంజికి కొలిచాకే పిడికెడు

నిన్న సాయంత్రం పాపకు జడ వేస్తున్నాను. కొబ్బరినూనె చేత్తో చెవి వెనక వెంట్రుకలు వెనక్కి లాగుతుంటే వేలికి గరుగ్గా ఏదో తగిలింది. కమ్మ ఉండాల్సిన చోట చీపురుపుల్ల ముక్క. రెండో చెవిలోనూ అదే. కమ్మలు పోగొట్టుకున్న పిల్లయితే ఏడుస్తుంది, లేదా భయపడి దాక్కుంటుంది. ఎనిమిదేళ్ల నా కూతురు చెవులు పూడిపోకుండా పుల్లలు పెట్టుకుని, మంచి పని చేసినదానిలా నా వైపు తిరిగి నవ్వింది. "విత్తనం కవర్లో ఏసేసినాను మా. ఇంక తమ్మునికి మందు పీల్చే పని లేదు గదా?" అంది. పోయినవి కమ్మలే కాదని ఆ క్షణంలోనే తెలిసింది.

మేముండేది రేణిగుంటలో. మావారికి గోడౌన్లో పని. నాలుగేళ్ల మా బాబుకు ఆయాసం. రెండు పూటలా మందు పీల్చాల్సిందే, ఒక్క పూట తప్పితే డొక్కలు ఎగరేస్తాడు. రెండు నెలల కిందట మా వీధి చివర షామియానా వేసి ఒక బోధకుడు ప్రార్థన కూటాలు మొదలుపెట్టాడు. విత్తనం కవర్లని చెప్పి అందరికీ పంచాడు. మీకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇందులో నాటండి, మీ ఇంట్లో జబ్బు వేళ్లతో సహా పోతుంది అన్నాడు. పిల్లలకు బొమ్మలున్న రంగు కవర్లు వేరే అచ్చు వేయించాడు. పిల్లల కోసం విడిగా కవర్లు అచ్చు వేయించిన ఆ బుద్ధిని తలుచుకుంటే ఇది రాస్తున్న ఇప్పుడు కూడా నా పళ్లు బిగుసుకుంటున్నాయి. ఆ కమ్మలు మా అమ్మ రెండు మామిడి సీజన్లు గుజ్జు ఫ్యాక్టరీలో నిలబడి, చేతులు పుళ్లు పడేలా తొక్కలు తీసి, మనవరాలికి చేయించినవి.

ఇలాంటి కోపంలో నాకు గుర్తొచ్చే మనిషి ఒకరే, రత్నమ్మ టీచరు. చిత్తూరు దగ్గర మా ఊళ్లో సండే స్కూలు చెప్పేది కాబట్టి టీచరు. మిగతా ఆరు రోజులూ పెద్దాసుపత్రిలో ఆయా. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఎవరికీ డబ్బు గురించి ఉపన్యాసం ఇవ్వగా నేను వినలేదు. కానీ శనివారం పొద్దుగూకే లోపల పాలామె డబ్బులు, బట్టలు ఉతికే ఆమె డబ్బులు ఇచ్చేసేది. ఒకసారి జీతం ఆలస్యమై ఇవ్వలేకపోయింది. ఆ ఆదివారం గుడికి, మా ఊళ్లో చర్చిని గుడే అంటాం, వచ్చింది గానీ కానుక సంచి తన దాకా వస్తే పక్కకు తోసేసింది. ఎందుకని అడిగితే, "పాలామె దుడ్డు చేతిలో పెట్టుకోని దేవునికి యాడిచ్చేది మే?" అంది.

మా ఊళ్లో పిడికెడు బియ్యం అని ఒక అలవాటు ఉండేది. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి దేవుడి పేరున డబ్బాలో వేసేది. ఆదివారం అన్ని డబ్బాలూ తెచ్చి గుడిలో రాశిగా పోసేవాళ్లు. ప్రార్థన అయ్యాక ఆ బియ్యం వేలం వేసి, వచ్చింది బీదవాళ్లకు ఇచ్చేవాళ్లు. ఎక్కువ తెచ్చిన పిల్లలకు పాస్టరు అయ్యగారు మెరిసే బొమ్మ కార్డు ఇచ్చేవాడు. నాకు పదేళ్లప్పుడు ఆ కార్డు మీద ఆశ పుట్టింది. అమ్మ ఫ్యాక్టరీకి పోయింది. జ్వరంతో నెల రోజులుగా గంజి మీదే ఉన్న నాయన నిద్రపోతున్నాడు. ఇంట్లో ఉన్న బియ్యం అంతా ఆ దేవుడి డబ్బాలో దిమ్మరించుకుని గుడికి పోయాను. చప్పట్లు కొట్టారు. కార్డు వచ్చింది.

గుడి అయ్యాక టీచరు నాయనను చూడడానికి నాతో ఇంటికి వచ్చింది. గంజి కాచిపెడదామని బియ్యం డబ్బా మూత తీసింది. అడుగు కనపడింది. నేను గర్వంగా కార్డు చూపించాను. ఆమె ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో నా రెక్క పట్టుకుని గుడికి నడిచింది. అక్కడ వేలం నడుస్తోంది. అందరినీ తోసుకుని పోయి, రాశి ముందు కూర్చుని డబ్బా నింపుకోవడం మొదలుపెట్టింది. ప్రార్థన చేసిన బియ్యం అది, ప్రభువు సొత్తు అన్నాడు అయ్యగారు. ఆమె తలెత్తలేదు. "ప్రార్థన చేసినాక గూడా అవి బియ్యమే అయ్యగారూ. ఈ పిల్ల నాయనకు గంజి కావాల."

నా చేత ఆ కార్డు కూడా అయ్యగారికి తిరిగి ఇప్పించింది. దారి పొడుగునా ఆమెను మనసులో తిట్టుకున్నాను. ఇంటి గడప దగ్గర ఆగి నా గడ్డం పట్టుకుంది. "నువ్విచ్చింది నీది గాదు మే. మీ నాయన నోటికాడిది ఇచ్చినావు. ముందు గంజికి కొల్చు. ఆమీద పిడికిలి పట్టు. నీ పిడికిలే, నాదంత గాదు."

ఆమె పోయి రెండేళ్లయింది. ఉంటే నిన్న షామియానాలో ఏం చేసేదో నాకు తెలుసు. నేనేం చేశానో కూడా రాయాలి. జడ సగంలో వదిలేసి పోయాను. కమ్మలు అడిగాను. కవర్లు తీసుకునే బల్ల దగ్గర ఉన్నతను నవ్వాడు. "నాటిన విత్తనం తవ్వుకుంటారా సిస్టర్? మీ అనుమానం వల్లనే బిడ్డకు తగ్గలేదేమో" అన్నాడు. నేను కమ్మలు తీసుకోకుండానే వెనక్కి వచ్చేశాను. ఎందుకంటే పోయిన నెల నేనూ నాటాను. బాబు మందుకు పెట్టుకున్న డబ్బు కవర్లో పెట్టాను. రెండు రోజులు వాడు మందు లేకుండా ఎగశ్వాసతో కూర్చున్నాడు. మూడో రోజు పక్కింటామె దగ్గర చేబదులు తీసుకుని మందు కొన్నాను, మావారికి చెప్పలేదు. నేను కవరు మడుస్తుంటే జిగురు పూసి ఇచ్చింది పాపే. నా కూతురికి ఈ విద్య నేర్పింది ఆ బోధకుడు ఒక్కడే కాదు.

నిన్న పడుకోబోయే ముందు పాప అడిగింది, తమ్మునికి మళ్లీ ఆయాసం వస్తే పట్టీలు కూడా ఇయ్యాల్నా అని. దాని పాదాలు నా ఒళ్లోకి లాక్కున్నాను.

ఈ పొద్దున ముందు బాబుకు మందు పీల్పించాను, పాప చూస్తుండగానే. తర్వాత అన్నానికి బియ్యం కొలిచాను. అప్పుడు పాప చేతిని డబ్బాలోకి దించి పిడికెడు తీయించాను. దాని పిడికిలికి వచ్చినవి ఎన్నో లేవు. ఇంకొంచెం తీయనా అంది. చాలన్నాను. ఇద్దరినీ పొయ్యి దగ్గరే కూర్చోబెట్టి చెప్పాను.

"తమ్మునికి మళ్లీ ఆయాసం రావచ్చు. వస్తే, నువ్వు తక్కువిచ్చినావని గాదు. వాని మందు దుడ్లు నేను కవర్లో పెట్టింది తప్పు. దేవుడు వాని మందూ అడగలేదు, నీ కమ్మలూ అడగలేదు. సాయంత్రం బడి నుంచి వచ్చినాక చెప్పులు ఇడవద్దండి. ముగ్గురం షామియానా కాడికి పోతాండాం. అందరూ కూసోని ఉన్నప్పుడే అడుగుతా."