రెండు రూపాయలు తగ్గించిన మొనగాడు

మా అమ్మ పదకొండేళ్లు జీడిపప్పు మీద తొక్క తీసి కూడబెట్టిన డబ్బుకి నేను నాలుగు రోజుల్లో బూజు పట్టించాను. మాటవరసకి అనడం లేదు. నిజంగానే బూజు పట్టింది, ముట్టుకుంటే వేలికి తెల్లగా అంటుకునేంత. అదేమంత తేలికైన పని అనుకోకండి, దానికి బీకాం చదివి ఉండాలి.

మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. నాన్న కిడ్నీ జబ్బుతో పోయాడు. మా వైపు ఈ మాట చెబితే ఇంకేమీ అడగరు, వాళ్ల ఇంట్లోనూ ఒకరు ఉంటారు. అమ్మ జీడి ఫ్యాక్టరీలో పీలింగ్‌కి వెళ్లేది. అంటే రోజంతా చాప మీద కూర్చుని, పప్పు మీది ఎర్రటి పొరని చిన్న కత్తితో గీకి తీయడం. శనివారం కూలి చేతిలో పడగానే ముందు కొంత పోస్టాఫీసులో వేసి, మిగిలినదాంతో వారం గడిపేది. నాది వేరే పద్ధతి. టెక్కలిలో చదివే రోజుల్లో ముందు ఖర్చు పెట్టేసి, మిగిలింది దాచుదామనుకునేవాణ్ణి. పద్ధతిలో లోపం లేదు గానీ, ఏనాడూ మిగల్లేదు.

డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఫోన్లో వ్యాపారం వీడియోలు చూశాను. చూసి చూసి, జీడిపిక్కలు నేనే కొని, చిన్న షెడ్డులో పప్పు తీయించి అమ్మితే చాలు, కోటీశ్వరుణ్ణని తేల్చుకున్నాను. అమ్మతో గొప్పగా చెప్పాను: ఈ వేసవి నుంచి నువ్వు పనిలోకి వెళ్లక్కర్లేదు. ఆవిడ వేళ్లు చివర్లు పగిలి ఉండేవి. నా మాట విని ఆ వేళ్ల వంక ఒకసారి చూసుకుంది. పోస్టాఫీసు నుంచి డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఫ్యాక్టరీలో మేస్త్రికి, పక్కన కూర్చునే ఆడవాళ్లకి, వచ్చే వారం నుంచి రానని చెప్పేసింది కూడా.

ఇక్కడ గవరయ్య మావ సంగతి చెప్పాలి. అమ్మకి అన్న వరస. ముప్ఫై ఏళ్లుగా ఫ్యాక్టరీకి పిక్కలు కొనిపెట్టే మనిషి. అమ్మే ఆయన్ని పిలిచి నాకు రెండు ముక్కలు చెప్పమంది.

"అల్లుడూ, ఈ సీజనంతా నా ఎనకాల తిరుగు. వచ్చే ఏడు కొందువు గాని," అన్నాడు.

ఆయన చదువు ఐదో క్లాసు. నా ఫోన్లో పాఠాలు చెప్పేవాళ్లు కోటు వేసుకుని ఇంగ్లీషులో చెప్పేవారు. ఐదో క్లాసు వెనకాల బీకాం తిరగడమా? అవసరమైతే అడుగుతాలే మావా అని పంపించేశాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త వ్యాపారి తడెరగడు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం గట్టిగా వాన పడింది. మర్నాడు పొద్దున్నే నేను ఆటో కట్టించుకుని సంతబొమ్మాళి వైపు ఒక రైతు దగ్గరికి వెళ్లాను. వాన పడిన మర్నాడు కొనేవాళ్లెవరూ రారు కదా, పోటీ ఉండదు, అదీ నా తెలివి. కొనేవాళ్లు ఎందుకు రారో మాత్రం ఆలోచించలేదు.

రైతు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడే మనిషి. నన్ను చూసి మొహమాటపడ్డాడు. "ఇయి తడిసిపోనాయి బావూ. నాలుగెండలు కాయనీ, అప్పుడు రా," అన్నాడు.

అయ్యా, ఆ మాటని బంగారు అక్షరాలతో రాసుకోవాలి. నేనేం చేశానంటే, లోపల నవ్వుకున్నాను. సరుకు దాచుకుని, రేటు పెరిగాక అమ్ముదామని ఎత్తు వేస్తున్నాడని వీడియోల జ్ఞానం చెప్పింది. అమ్మేవాడు తన సరుకు బాగాలేదంటున్నాడంటే అది చాలా మంచి సరుకన్నమాట. ఇలాంటి తర్కం చేయాలంటే మామూలు బుర్ర చాలదు.

"తడి ఉంటే తడికి తగ్గట్టు ఇవ్వండి, కిలోకి రెండు రూపాయలు తగ్గించండి," అన్నాను.

ఆయన ఆరబెట్టుకోవాలని ఇంకో రెండుసార్లు చెప్పాడు. చివరికి రెండు రూపాయలు తగ్గించాడు. ఆటోలో వస్తూ ఆ రెండు రూపాయలని బస్తాలతో హెచ్చవేసి చూసుకుని మురిసిపోయాను. నీళ్లని జీడిపిక్కల ధరకి కొన్నవాణ్ణి ఉద్దానంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇంటికి తెచ్చాక అయినా ఆరబెట్టానా? లేదు. ఆరుబయట పోస్తే దొంగలు పడతారని అద్దెకి తీసుకున్న షెడ్డులో బస్తాల మీద బస్తాలు పేర్చి, పైన టార్పాలిన్ కప్పి, తలుపుకి రెండు తాళాలు వేశాను. లోపల ఏమవుతోందో నాకే తెలియకుండా అంత భద్రంగా దాచాను.

నాలుగో రోజు గవరయ్య మావ అటుగా వెళుతూ తలుపు దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చాడు. తాళం తీయించాడు. బస్తాలో మోచేతిదాకా చెయ్యి దూర్చాడు.

"పొయ్యి మీద పెట్టినట్టు కాలతన్నాదేట్రా," అన్నాడు.

నేను వేడి మంచిదేమో అన్నాను. ఆయన జేబులోంచి కత్తి తీసి పది పిక్కలు కోశాడు. ఏడింటిలో పప్పు నల్లబడి, పైన తెల్లగా బూజు పట్టి ఉంది. ఇంకో బస్తా, ఇంకో పది. నేను చూడలేక బయటికొచ్చి నిలబడ్డాను.

ఉన్నదాన్ని ఎండబోసి, కూలి మిగులుతుందని నేనే ఒట్టి చేతులతో కొట్టడానికి కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎక్కడిదో సామెత. మా ఊళ్లో చేతులు పిక్క తొక్కలోంచి కారే జీడి సొనకి పొక్కాక కొబ్బరినూనె పట్టుకుంటారు. ఆ చేతులతోనే చెమట తుడుచుకున్నాను గనక మొహం కూడా పొక్కింది. వారం రోజులు నన్ను చూసి వీధిలో చంటిపిల్లలు ఏడ్చారు. పెద్దవాళ్లు నవ్వారు. తీసిన పప్పులో విరగని గుండు కన్నా ముక్క ఎక్కువ, ముక్క కన్నా మచ్చ ఎక్కువ. పెట్టుబడిలో నాలుగో వంతు కూడా రాలేదు.

సోమవారం పొద్దున్నే అమ్మ క్యారేజీ కట్టుకుని బయల్దేరింది. రానని చెప్పిన చోటికి వెళ్లి, మళ్లీ వస్తానని అడిగింది. ఆవిడ కూర్చునే చోటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారట. వెలుతురు సరిగ్గా పడని మూల చూపించారట. ఇది నాకు పక్కింటావిడ చెప్పింది. ఇన్నేళ్లయినా ఈ భాగం చెబుతున్నప్పుడు నాకు నవ్వు రాదు, మీరూ నవ్వకండి.

చెన్నై వెళ్లిపోదామని సంచి సర్దాను. గవరయ్య మావ గుమ్మంలో కూర్చున్నాడు.

"రైలుకేటి, రోజూ ఉంటాది. పోనాది డబ్బే గాని, నేర్చుకున్నది పోనేదు కదా. సంచి దింపు," అన్నాడు.

దింపాను. మూడు సీజన్లు ఆయన వెనకాల తిరిగాను. మొదటి సీజనంతా బస్తాలు మోయడమే. రెండో ఏడు పిక్కని చెవి దగ్గర ఊపి వినడం నేర్పాడు, ఎండితే లోపల పప్పు గలగలమంటుంది. మూడో ఏడు నన్ను కొనమని తను పక్కన నిలబడ్డాడు. తప్పు చేస్తే అందరి ముందూ అనేవాడు కాదు, దారిలో అనేవాడు. కూలి రాగానే అమ్మలాగే ముందు దాచడం కూడా అప్పుడే మొదలుపెట్టాను.

మూడో సీజన్ అయ్యాక అమ్మ ఒక పోస్టాఫీసు పుస్తకం నా ముందు పెట్టింది. అందులో నేను తగలేసినంత డబ్బు ఉంది.

"ఇదెక్కడిది?" అన్నాను.

"నీకిచ్చింది సగవే. నిన్ను కన్నదాన్ని, నీ తెలివి నాకు తెల్దేటి?"

నాకు ఏడుపొచ్చింది, సిగ్గూ వచ్చింది. కళ్లు తుడుచుకుని, ఈసారి పోగొట్టనమ్మా, ఇవ్వు అని చెయ్యి చాపాను. ఆవిడ పుస్తకం కొంగులో ముడేసుకుంది.

"ఇత్తానని ఎవుడన్నాడు? సెడ్డు నాను పెడతాను. నువ్వు పన్లోకి రా."

అందుచేత, చదువరులారా, విజిటింగ్ కార్డు మీద ప్రొప్రైటర్ అని నా పేరే ఉన్నా, శనివారం సాయంత్రం మా షెడ్డులో పప్పు తీసే ఆడవాళ్ల వెనకాల వరసలో నిలబడి మా అమ్మ చేతుల మీదుగా కూలి తీసుకునేది నేనే. గవరయ్య మావ కాళ్లకి దండం పెట్టి, తూకం కాటా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: తెలియని చోట తెలిసినట్టు తలాడించను, వద్దన్నవాడి దగ్గర బేరమాడను. మళ్లీ ఆడానా, మా యజమానురాలు పనిలోంచి తీసేస్తుంది. ఒకే ఒక్క కొడుకునన్న జాలి కూడా ఆవిడకి లేదు.