రెండు బాల్చీల నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పేరెత్తకూడని మనిషి ఒకర్తె ఉండేది. పరాయి మనిషేమీ కాదు, మా నాన్నకి సొంత అక్క, నాకు మేనత్త. గోపాలపట్నంలో రోడ్డు పక్కన బ్యాటరీలకి చార్జింగు పెట్టే కొట్టు నడిపేది. మేము వన్ టౌన్‌లో ఉండేవాళ్లం. ఒక్క బస్సు ఎక్కితే చేరిపోయే దూరం. అయినా ఆవిడ మా గుమ్మం తొక్కేది కాదు, మేము ఆవిడ గుమ్మం తొక్కేవాళ్లం కాదు. ఎందుకని అడిగితే మా నానమ్మ మూతి మూడు వంకర్లు తిప్పి, దానికి ఒళ్లంతా పొగరే అనేది. కన్నకూతురి గురించే ఆ మాట. మా నాన్న మాత్రం లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

మా అత్త మీద మా ఇంట్లో చాలా నేరాలుండేవి. మొగుడు బతికుండగానే మెళ్లో బంగారు గొలుసు తీసి పారేసి, పసుపు తాడుతో తిరుగుతోందని ఒకటి. కొట్టు ముందు రెండు బాల్చీల నిండా నీళ్లు పెట్టుకుని, దాహమన్న వాణ్ని వాటి మీద చెయ్యి వెయ్యనివ్వదని ఇంకొకటి. అలాంటివి విని విని, ఆవిణ్ని సరిగ్గా చూడకుండానే ఆవిడంటే అసహ్యం పెంచుకున్నాను. పిల్లలకి అసహ్యం నేర్పడం అక్షరాలు నేర్పడం కన్నా తేలిక.

మా మావయ్య, అంటే అత్త మొగుడు, గుడ్డివాడు. ఆయన కళ్లు ఎలా పోయాయంటే మా నానమ్మ దగ్గర ఒకటే జవాబు, దిష్టి. మా నాన్నా ఆయనా కలిసి టాక్సీ కొన్న కొత్తలో, నలుగురి కళ్లూ పడి, ఇంజిన్ దగ్గర ఏదో పేలిందట. అందుకని అప్పటినుంచీ ప్రతి అమావాస్యకీ నానమ్మ మా కారు బానెట్ ఎత్తించి, నిమ్మకాయ మీద కర్పూరం వెలిగించి, ఇంజిన్ మీద మూడుసార్లు తిప్పేది. మా స్టాండులో మిగతా డ్రైవర్లు కూడా ఆవిడ చేత తిప్పించుకునేవాళ్లు. ఇన్నేళ్లలో మళ్లీ ఏమీ పేలలేదు కదా, అదే ఆవిడకి రుజువు.

నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పటి మాట. పెందుర్తి అవతల అమ్మ పుట్టింట్లో ఏదో శుభకార్యం. అమ్మ ముందే వెళ్లింది. నాన్నా నానమ్మా నేనూ కారులో బయల్దేరాం. వారం రోజులుగా డైనమో బెల్టు జారుతోందని, బ్యాటరీకి చార్జింగు ఎక్కడం లేదని నాన్నకి తెలుసు. చేయిద్దాం, చూద్దాం అని తిప్పుతూనే ఉన్నాడు. నడిచినంతకాలం బండికి రోగం లేదనుకునే రకం ఆయన. అది సరిగ్గా గోపాలపట్నం బజారు మధ్యకి వచ్చి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

వెనకాల పోర్టు లారీలు. హారన్లు ఒకటే మోత. ఒక లారీవాడు కిందకి దిగి, మా నాన్నని ఆయన తల్లి ముందే నానా మాటలూ అన్నాడు. తీరా నలుగురు పట్టి తోస్తే కారు వెళ్లి ఆగింది ఎక్కడనుకున్నారు, మా అత్త కొట్టుకి పది బారల దూరంలో. ఆవిడ గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని మమ్మల్ని చూస్తోంది. లేవలేదు. బ్యాటరీ పని తప్ప ఇంకో పని చెయ్యని మనిషి ఎదురుగా ఉండగా, మా నాన్న అటు వీపు పెట్టి, ఎండలో నిలబడి, వచ్చే పోయే టాక్సీలకి చెయ్యి ఊపాడు. తల తెగినా ఆ కొట్టు మెట్టెక్కడు.

చివరికి తెలిసిన డ్రైవరొకడు ఆగి, తన కారు మా కారు ముందు పెట్టి, రెండు బ్యాటరీలకీ తీగలు కలిపాడు. కాసేపు ఎక్కనీ అని తన ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి టీకి వెళ్లాడు. మా బ్యాటరీ మూతలు విప్పే ఉన్నాయి. లోపల నీళ్లు సన్నగా బుడబుడమంటున్నాయి.

ఈలోగా నాకు దాహమేసింది. ఆ రెండు బాల్చీలూ కనిపిస్తున్నాయి. దాహం సగం, మొండితనం సగం, వెళ్లి ఒకదాంట్లో దోసిలి పెట్టబోయాను. మా అత్త చెయ్యి నా చేతి మీద పడింది. గట్టిగానే పడింది.

"అది తాగడానికి కాదే. ముట్టుకోకు."

తర్వాత లోపలికి వెళ్లి కుండలో నీళ్లు గ్లాసుతో తెచ్చి ఇచ్చింది. తాగాను కూడా. కాని నాన్న దగ్గరికి పరిగెత్తుకొచ్చి, గ్లాసు సంగతి మింగేసి, కొట్టిందని మాత్రం చెప్పాను. ఆ మాట అలా సగం చెప్పినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

మా నానమ్మ శివమెత్తిపోయింది. రోడ్డు మీదే నిలబడి, కూతురికి వినపడేలా ఎత్తుకుంది. "దీని పాడు కళ్లు పడే బండి ఆగిపోనాది. నాను ముందే అనుకున్నాను" అంటూ సంచీలోంచి నిమ్మకాయ తీసింది, శుభకార్యానికని పెట్టుకున్న కర్పూరం తీసింది. సత్తు పళ్లెంలో పెట్టి వెలిగించింది. ఇంజిన్ మీదకి వంగింది.

మా అత్త ఎప్పుడు లేచిందో, ఎప్పుడు వచ్చిందో నాకు తెలీదు. తల్లిని జబ్బ పట్టుకుని వెనక్కి ఒక్క గుంజు గుంజింది. పళ్లెం ఎగిరి దూరంగా రోడ్డు మీద పడింది. వెలుగుతున్న కర్పూరాన్ని మా అత్త చెప్పు కాలితో తొక్కి ఆర్పేసింది.

హారతి చెప్పుతో తొక్కడం ఎవరైనా చూశారా? నాకైతే ఆవిణ్ని చంపేయాలన్నంత కోపం వచ్చింది. నానమ్మ తల బాదుకుని ఏడుస్తోంది. అన్నేళ్ల తర్వాత మా నాన్న అక్కతో మాట్లాడాడు.

"అప్పా, నీ పని నువ్వు సూసుకో."

"నా పని ఇదేరా. ముందు ఆ బండి ఇంజినాపు. బ్యాటరీ పైనున్న తీగ లాగకు. మూతల మీంచి గ్యాసు లెగుస్తన్నాది, నిప్పురవ్వ పడితే చాలు."

ఆవిడ చెప్పింది కాబట్టే ఆయన చెయ్యలేదు. అంతే, వేరే కారణమేమీ లేదు. నీ సాయం నాకక్కర్లేదన్నట్టు వెళ్లి, ఆ బండి ఇంజిన్ నడుస్తుండగానే, బ్యాటరీ మీది తీగ పట్టుకుని విసురుగా లాగాడు. చిటుక్కుమని నీలంగా మెరిసింది. వెంటనే సైకిల్ ట్యూబు పేలినట్టు చప్పుడు. బ్యాటరీ పైభాగం చీలి, లోపలి యాసిడ్ చిమ్మింది. మా నాన్న రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని కూలబడిపోయాడు.

ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ వరసగా గుర్తుంది. నానమ్మ రోడ్డు మీద వెళ్లే ఆడవాళ్లకి అడ్డం పడి, చంటిపిల్ల తల్లి ఎవరైనా ఉన్నారా, కళ్లల్లో పాలు పిండాలి అని అరుస్తోంది. కంట్లో ఏం పడినా చనుబాలు వెయ్యడమే మా వాళ్లకి తెలిసిన వైద్యం. మా అత్త ఆ అరుపుని మించి అరిచింది.

"ఆరోజూ పాల కోసమే ఎతికేరు. గంటసేపు ఎతికేరు. నీళ్లు పొయ్యనిచ్చేరా? తప్పుకో."

ఒక బాల్చీ ఆవిడ చేతిలో ఉంది. మా నాన్నని వెల్లకిలా పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో రెప్పలు విప్పి పట్టుకుని, చెంబుతో నీళ్లు ధారగా పోస్తోంది. పోస్తూ తిడుతోంది. నేను అంతవరకూ వినని బూతులు కూడా విన్నాను. "కళ్లు మూసేవంటే సంపేత్తాను. ఆరోజు బ్యాటరీలో నీళ్లున్నాయో లేదోనని అగ్గిపుల్ల గీసి నా మొగుడి కళ్లు తీసేవు. ఇయ్యాల నీయి కూడా తీసుకుంతన్నావేటి? కళ్లు తెరువు, ఎదవా."

దిష్టి కాదు. అగ్గిపుల్ల. గీసింది మా నాన్న. ఇంట్లో ఎవరూ చెప్పని మాట నడిరోడ్డు మీద, తిట్ల మధ్యలో విన్నాను.

మొదటి బాల్చీ అయిపోవస్తోంది. రెండోది కొట్టు ముందే ఉంది, ఎవరికీ తోచలేదు. అప్పుడు లోపల్నుంచి మావయ్య వచ్చాడు. గోడ పట్టుకుని, గుమ్మం దిగి, వంగి, తడుముకోకుండా బాల్చీ కాడ అందుకున్నాడు. మా అత్త తిట్ల మధ్యలోనే "ఇటు, ఇటు" అంటుంటే, ఆ గొంతు వినపడే వైపుకి నడిచి వచ్చాడు. నీళ్లు ఒలికిపోకుండా తెచ్చి, మా నాన్న తల పక్కన పెట్టాడు. తన కళ్లు తీసినవాడి కళ్ల కోసం.

పావుగంట పైన పోశారు. కుండ కూడా ఖాళీ అయింది. అప్పుడు మా అత్త ఆ తీగలు కలిపిన డ్రైవరు టాక్సీలోనే నాన్నని పెద్దాసుపత్రికి పంపించింది, దారి పొడుగునా పొయ్యమని చెంబూ బిందెడు కుళాయి నీళ్లూ నానమ్మకిచ్చి. తను ఎక్కలేదు.

నన్ను కొట్లో వదిలేశారు. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. మావయ్యే నెమ్మదిగా చెప్పాడు, చార్జింగు ఎక్కే బ్యాటరీ నుంచి మండే గ్యాసు వస్తుందని, అది కంటికి కనపడదని. అమావాస్యకి నానమ్మ తిప్పినప్పుడు బండి చల్లగా, మూతలు బిగించి ఉండేది కాబట్టి మేము బతికిపోయామట. తీగలు పెట్టాలంటే ఇంజిన్లు ఆపి పెట్టాలి, ముందు ఎర్రది, నల్లది ఆఖరున. ఆ ఆఖరి కొన కూడా ఆగిన బండి బ్యాటరీ మీద కాదు, దూరంగా ఇంజిన్ ఇనుము మీద. ఇదంతా నాకు ఒప్పజెప్పించుకున్నాడు. అత్త మెళ్లో పసుపు తాడెందుకని అడిగేశాను. వంగినప్పుడు బంగారు గొలుసు బ్యాటరీ రెండు మొనలకీ తగిలితే ఎర్రగా కాలి మెడకి అంటుకుంటుందని చెప్పి, మావయ్య నవ్వాడు. మీ వాళ్లు నన్నడగొచ్చు కదా అన్నాడు.

మా అత్త నవ్వలేదు. నాకేసి చూడనైనా చూడలేదు. ఆవిడ కుళాయి దగ్గర బాల్చీలు తోమి, రెండూ నింపి, మళ్లీ గుమ్మం ముందు పెట్టింది. నాకు ఎక్కడిదో ధైర్యం వచ్చి, నానమ్మ నిన్ను జన్మలో క్షమించదు, హారతి తొక్కావు అన్నాను.

"తిట్టుకోనీ" అంది. "మీ నాన్ననీ తిట్టుకోనీ. కళ్లతో నన్ను సూసి మరీ తిట్టుకోనీ."

చీకటి పడకముందే మా నాన్న వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, కాని చూపుంది. రోడ్డుకి అవతలే నిలబడ్డాడు. నన్ను రమ్మని చెయ్యి ఊపాడు. అక్కా తమ్ముడూ ఒకరినొకరు చూసుకున్నారు, మాట్లాడుకోలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా. సినిమాల్లో అయితే కౌగిలించుకుంటారు. మా వాళ్లు అలాంటి వాళ్లు కాదు. నాన్న మాత్రం మర్నాడే డైనమో బెల్టు వేయించాడు, డిక్కీలో ఒక నీళ్ల డబ్బా పెట్టాడు. పోయేదాకా అది తియ్యలేదు. నానమ్మ పోయేదాకా కూతుర్ని తిడుతూనే ఉంది, కాని బానెట్ ఎత్తించడం మానేసింది.

నాకిప్పుడు అరవై దాటాయి. మా అబ్బాయి కారులోనూ నీళ్ల డబ్బా ఉంటుంది, వాడు నవ్వినా సరే. మొన్న తగరపువలస దగ్గర హైవే పక్కన ఎవరిదో కారు ఆగిపోయి ఉంది. ఇంకో కారు నుంచి తీగలు కలిపి ఉన్నాయి. ఒక కుర్రాడు నోట్లో వెలుగుతున్న సిగరెట్టు పెట్టుకుని బ్యాటరీ మీదకి వంగి చూస్తున్నాడు. మా అబ్బాయి చేత బండి ఆపించి, దిగి, ఆ సిగరెట్టు వాడి నోట్లోంచి లాగి పారేశాను. మర్యాదగా చెప్పొచ్చు కదా అంటారు. మర్యాదగా చెప్పేలోగా పేలుతుంది, అది నేను చూశాను.

వాళ్లమ్మ కారులోంచి దిగి నన్ను పిచ్చిదాన్నంది. కుర్రాడు ముసలిదానా అన్నాడు, ఇంకా ఏదో అన్నాడు. మా అబ్బాయి సిగ్గుతో చచ్చిపోతూ నన్ను వెనక్కి లాగుతున్నాడు. నేను కదల్లేదు. ఆ కుర్రాడు నన్ను ఎర్రగా, మింగేసేలా చూశాడు. రెండు కళ్లతోనూ చూశాడు. అది చూసుకుని వచ్చి కారెక్కాను.