పసుపు చీర జెండా

నా చిన్నప్పుడు మా తాతయ్యతో వేగడం అంత తేలిక కాదు. యానాంలో పుట్టి, ఫ్రెంచి పటాలంలో కొన్నేళ్లు సిపాయిగా చేసి, ముసలితనంలో లండన్ శివారు క్రోయిడన్‌లోని మా ఫ్లాట్‌కు చేరారు. అన్నం ముందు కూర్చుంటే చాలు, పటాలం జెండా కథ మొదలయ్యేది. మూడు రంగుల పట్టుగుడ్డ, దాని మీద బంగారు అక్షరాల్లో యుద్ధాల పేర్లు. అది చిరిగితే సిగ్గు కాదట, శత్రువు చేతికి చిక్కితేనే సిగ్గట. ఓటమి ఖాయమైతే తామే కాల్చేసేవారట. పూర్వం యుద్ధంలో తుపాకుల పొగలో దారి తప్పిన సిపాయి ఆ జెండాను చూసే తనవాళ్లను చేరుకునేవాడట. ఈలోగా నా పప్పన్నం చల్లారిపోయేది.

నాకు పదేళ్లప్పుడు నాలుగు తెలుగు కుటుంబాల వాళ్లం రైలెక్కి బ్రైటన్ సముద్రం చూడడానికి వెళ్లాం. తాతయ్య మా అమ్మ పాత పసుపు చీర ముక్కను చీపురు కర్రకు కట్టి, తప్పిపోయిన వాళ్లు దీని దగ్గరికే రావాలని పిల్లలందరికీ చెప్పి, కర్ర నా చేతికిచ్చారు.

"దించకే అమ్మాయ్," అన్నారు.

పెద్దవాళ్లు పులిహోర డబ్బాలు విప్పి కబుర్లలో పడ్డారు. పిల్లలు నీళ్లలో కేరింతలు కొడుతున్నారు. నేను మాత్రం గులకరాళ్ల మీద బొమ్మలా నిలబడాలి! నాకు ఒళ్లు మండిపోయింది. అంతలో రోడ్డుకెక్కే మెట్ల పైన ఐస్‌క్రీమ్ వ్యాన్ పాట మోగింది. దించకూడదన్నారు గానీ నడవకూడదనలేదు కదా! జెండా పట్టుకునే వెళ్లి క్యూలో నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి నాలుగేళ్ల మా తమ్ముడు కనబడడం లేదు.

అమ్మ ఏడుస్తూ నీళ్ల వైపు పరుగెత్తింది. నాన్న ఒకవైపు, అంకుల్స్ మరోవైపు పరుగెత్తారు. తాతయ్య నా చేతిలోని కర్ర లాక్కుని, పొద్దున నన్ను నిలబెట్టిన చోటికే వెళ్లి, దాన్ని ఎత్తి పట్టుకుని నిలుచున్నారు. మనవడు సముద్రంలో పడ్డాడేమో తెలియదు, ఈయనకు ఇప్పుడు కూడా పటాలమేనా అని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"వెతకండి తాతయ్యా!" అని అరిచాను. ఆయన కర్రను ఇంకాస్త పైకెత్తారు. 

ఎంతసేపటికో, దూరంగా ఎవరిదో పసుపు గొడుగు కింద నుంచి తమ్ముడు బయటికొచ్చి, రాళ్ల మీద పడుతూ లేస్తూ మా వైపు వచ్చాడు. చీర కనబడకపోయేసరికి ఆ గొడుగే మా జెండా అనుకున్నాడట. వచ్చీ రాగానే "యూ మూవ్డ్!" అని నన్ను పిడికిలితో గుద్దాడు.

"నేను దించలేదు," అన్నాను తాతయ్యతో.

"దించలేదు. కానీ జెండా నీతో రాకూడదే అమ్మాయ్, నువ్వే జెండాతో ఉండాలి."

అంతే అన్నారు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మనవల్ని బజారుకు తీసుకెళ్తే ట్రామ్ స్టాప్ చూపించి, తప్పిపోతే ఇక్కడికి రండి, నేనుంటాను అని చెబుతాను. వాళ్లు షాపుల్లో పడి ఎంతకీ రారు. రెండు ట్రాములు వెళ్లిపోతాయి, వాన మొదలవుతుంది, మోకాళ్లు సలుపుతాయి. ఆఖరికి వచ్చి, ఫోన్ చేయొచ్చుగా, ఏ షాపులోనైనా కూర్చోవచ్చుగా అని నన్నే విసుక్కుంటారు. నాకూ ఒళ్లు మండుతుంది. అయినా చెప్పిన చోటు నుంచి అడుగు కదలను.