నేను వెళ్ళని పెరూ

పెరూ వెళ్తున్నామని ఎవరైనా అంటే నేను మొదట చెప్పే మాట, కొండ మీది పాత నగరం మచ్చుపిచ్చుకి రైలు బుక్ చేయకండి అని. ఆ టికెట్ ఖరీదు వింటే కళ్ళు తిరుగుతాయి. వ్యాన్‌లో కరెంటు తయారుచేసే కేంద్రం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి పట్టాల పక్కనే నడిస్తే సాయంత్రానికి కొండ కింది ఊరు చేరతారు. మధ్యాహ్నం భోజనం మార్కెట్ లోపల చేయండి. సూప్, అన్నం, తాగడానికి ఏదో ఒకటి, అన్నీ కలిపి ఒకటే ధరకి పెడతారు. మాంసం వద్దంటే సరేనని తలూపి కోడి సూప్ తెచ్చిపెడతారు కాబట్టి కోడి కూడా వద్దని విడిగా చెప్పాలి. పచ్చడి ప్యాకెట్లకి రెండేసి కవర్లు చుట్టండి. అంత ఎత్తుకి వెళ్ళేసరికి అవి పూరీల్లా ఉబ్బుతాయి.

ఇన్ని చెబుతున్నానా, నేను మాత్రం పెరూ మొహం చూసి ఎరగను.

చూడాలన్న పిచ్చి నాదే. అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం ఉండేవాళ్ళం: నేను, ఒక గుంటూరు అమ్మాయి, ఒక వరంగల్ అమ్మాయి. ముగ్గురివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. వీకెండ్ వస్తే వాళ్ళు సినిమాలు పెట్టుకునేవారు, నేను బ్యాగు తగిలించుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళ వీడియోలు చూసేదాన్ని. ఏ హాస్టల్‌లో వంటగది ఉంది, ఏ బస్సులో సీటు బాగా వెనక్కి వాలుతుంది, అన్నీ కంఠతా వచ్చేశాయి. మొదట మాకొద్దు తల్లోయ్ అన్న ఆ ఇద్దరినీ బతిమాలి ఒప్పించింది కూడా నేనే.

తీరా టికెట్లు కొనబోయే ముందు పాస్‌పోర్ట్ తీసి చూసుకుంటే నా వీసా స్టాంప్ గడువు దాటిపోయింది. ఇక్కడే ఉండి పని చేసుకోవడానికి అడ్డేం లేదు. దేశం దాటితే మాత్రం మళ్ళీ లోపలికి రావడానికి కొత్త స్టాంప్ కావాలి, దానికి అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో ఎవరికీ తెలియదు. ఎక్కడికీ కదలొద్దని ఆఫీస్ లాయర్ తేల్చి చెప్పింది.

"నువ్ లేకుండ మేమెట్ల పోతమే? క్యాన్సిల్ చేద్దాం," అంది వరంగల్ అమ్మాయి.

నాకు ఒళ్ళు మండింది. నా మీద ఎవరైనా జాలిపడితే నేను భరించలేను. నోరు మూసుకుని వెళ్ళండి, వెళ్ళొచ్చి అక్కడెలా ఉందో నాకు చెప్పండి, అదే చాలు అన్నాను. నిజంగానే అది చాలనుకున్నాను. కందిపొడి కొట్టి ఇచ్చి, ఎయిర్‌పోర్ట్‌లో దింపి వచ్చాను.

ఎండాకాలంలో టెక్సస్‌కీ పెరూకీ గడియారం ఒకటే. వాళ్ళు లేచే వేళకే నేనూ లేచేదాన్ని. దిగిన దగ్గర్నుంచీ ఫోన్లే ఫోన్లు. వ్యాన్ వాడు మరీ ఎక్కువ అడుగుతున్నాడంటే, బేరం ఆపి నడవండి, వాడే పిలుస్తాడన్నాను. పిలిచాడు. ఎత్తు పడక గుంటూరు అమ్మాయికి తల బద్దలైపోతోందంటే, ఆ రోజుకి తిరగడం మానేసి పడుకోమన్నాను. ఆఫీస్ మీటింగ్‌లో మ్యూట్ నొక్కి మరీ దారులు చెప్పాను. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా ఒక్కదాన్నే అనిపించలేదు. వాళ్ళు తినే వేళ చూసుకుని నేనూ కంచం ముందు కూర్చునేదాన్ని, సిగ్గులేకుండా.

మచ్చుపిచ్చు ఎక్కే రోజు పొద్దుటి నుంచీ ఫోన్ చేతిలోనే పెట్టుకున్నాను. రాలేదు. అక్కడ సిగ్నల్ ఉండదేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి ఇద్దరూ కొండ మీద చేతులు చాపి నిలబడ్డ ఫొటో స్టేటస్‌లో పెట్టారు. సిగ్నల్ ఉంది. దారి అడగాల్సిన అవసరమే తీరిపోయింది. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదేనే అని పైకే అన్నాను. వినడానికి ఇంట్లో ఎవరున్నారు? ఆ రోజు అన్నం వండుకోబుద్ధి కాలేదు.

వాళ్ళు తిరిగొచ్చే రోజుకి కోపం చల్లారింది, వినాలన్న ఆత్రమే మిగిలింది. పప్పుచారు పెట్టి, వేపుడు చేసి, డ్రైవ్ చేసుకుంటూ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాను. ఇద్దరూ టాక్సీ ఎక్కినట్టు వెనక సీట్లో కూర్చున్నారు. ఎవరినో లామా అనే పొట్టి ఒంటె తరిమిందట, ఎవరిదో టోపీ ఎగిరిపోయిందట, ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు పూర్తి చేసి పగలబడి నవ్వుతున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. హైవే ఎక్కాక అడిగాను, పైన ఎలా ఉందే అని.

"నీకు మేం కొత్తగా చెప్పేదేముందే? మాకన్నా నీకే బాగా తెలుసు కదా," అంది గుంటూరు అమ్మాయి.

ఎగతాళి కాదు, మెచ్చుకుంటూనే అంది. నేనడిగింది బస్సుల సంగతి కాదు. అంత దూరం నడిచి వెళ్ళాక, మబ్బు తొలగి అది మొదటిసారి కనిపించినప్పుడు వాళ్ళకేమనిపించిందో కావాలి నాకు. రెండు ఎగ్జిట్లు దాటాక మళ్ళీ అడిగాను. గుంటూరు అమ్మాయి అప్పటికే గుర్రు పెడుతోంది.

"మస్తుండెనే. నువ్ చెప్పినట్టే ఉండె, సేమ్," అంది వరంగల్ అమ్మాయి కళ్ళు మూసుకునే.

"నేను చూడలేదు కదే," అన్నాను.

అద్దంలో చూస్తే తనూ నిద్రపోయింది.