ఆవిడ రాసుకున్న ఆఖరి వారం

ఈ మధ్యాహ్నం అశోకా రోడ్‌లోని తెలుగు క్యాంటీన్‌లో భోంచేస్తుంటే ఒకావిడ నన్ను గుర్తుపట్టి, సంచిలోంచి నా పాత సీరియల్ తీసింది. వారపత్రికలోంచి వారం వారం చింపి, దారంతో కుట్టుకున్న పుస్తకం. చివరి రెండు పేజీలు మాత్రం చేతిరాత.

"ఆఖరి వారం పత్రిక దొరకలేదు మేడమ్. బుక్‌స్టాల్ భయ్యా ఖతమ్ అన్నాడు. ఎన్నాళ్లని ఆగను? నేనే రాసేసుకున్నా. దాని కింద సంతకం పెట్టండి."

నా ముగింపులో కథానాయిక సరళ భర్త దగ్గరికి తిరిగి వెళ్తుంది. ఆవిడ ముగింపులో ఘాజియాబాద్‌లో గది తీసుకుని, తలుపుకి కొత్త తాళం కొనుక్కుంటుంది. పాఠకులు ఒప్పుకోరని అప్పట్లో నేను కొట్టేసిన ముగింపు దాదాపు ఇదే.

బుద్ధిగా సంతకం పెట్టాను. ఇంటికొచ్చినప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. నా పాఠకులారా, నా నవలల్లో నేను భర్తల దగ్గరికి వెనక్కి పంపిన ఆడవాళ్లలో ఇంకెవరిని మీరు ఇలా సొంత ముగింపు రాసుకుని దారిలోనే ఆపేశారో చెప్పండి.