అత్త తంబురలో ముడి తీగ

మా మేనత్త పోయిందని పొద్దున్నే ఊరి నుంచి ఫోను వచ్చింది. తొంభై దాటిన మనిషి, ఒకరితో చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలు అంటున్నారు అందరూ. కావచ్చు. నాకు మాత్రం దుఃఖం ఆగడం లేదు. ఎలక్ట్రిక్ గిటారు మెడకు తగిలించుకుని రాక్ బ్యాండులో గొంతు చించుకున్నవాడిగా మీలో కొందరికి నేను తెలుసు. ఆ విద్యలో నా మొదటి గురువు మగ్గం నేసే మా అత్త అని చెబితే ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

పాలమూరు పక్కన మాది నేతోళ్ల ఇల్లు. మామ చిన్న వయసులోనే పోతే అత్త పుట్టింటికి వచ్చేసింది. వస్తూ మామ వాయించిన తంబుర తెచ్చుకుంది. ఆడది నూలు కండెలు చుట్టుకోవాలి గానీ మగ్గమెక్కడమేమిటని వాడలో ముక్కున వేలేసుకున్నారు. అత్త వినీ విననట్టు గుంట మగ్గంలోకి దిగి, తన తమ్ముడు, అంటే మా బాపు పక్కన నేసింది. శనివారం భజనలో తంబుర మీటుతూ తత్వాలు పాడింది. ఆమె పాడుతుంటే కబుర్లాడే ముసలాళ్లు కూడా నోరు మూసుకునేవాళ్లు.

నాకు ఆరేడేళ్లప్పుడు ఆ తంబుర మీటబోతే తీగ పుటుక్కున తెగింది. నేతపిల్లవాణ్ని కదా, పోగు తెగితే మావాళ్లు అతికినట్టే ఆ ఇనుప తీగకూ ముడి వేసి, ఏమీ ఎరగనట్టు గోడకు ఆనించాను. భజనలో అత్త మీటగానే అది తుమ్మెద దూరినట్టు బుర్రుమంది. బాపు నా వైపు చెయ్యెత్తాడు. అత్త ముడిని తడిమి చూసింది, మళ్లీ మీటింది.

"కొట్టకు తమ్మీ. ఆయన గొంతు గూడ గిట్లనే జీరగ ఉండె," అంది.

ఆ తీగను మళ్లీ మార్చనివ్వలేదు. పెద్దయ్యాక మా బ్యాండు వాళ్లు గిటారు చేత అలా గుర్రుమనిపించడానికి ఏవేవో డబ్బాలు కొన్నారు. నాకు ఆ గొంతు మా ఇంట్లోనే దొరికింది.

ఆ తర్వాత అత్త నన్ను మగ్గం గట్టున కూర్చోబెట్టి చేతికి భజనలో వాయించే చెక్క చిరుతలిచ్చింది. ఆమె కాళ్లు తొక్కే లెక్కకు నేను తాళం వేయాలి. ఉత్సాహం పుట్టి ఉరికితే, "ఎగిరెగిరి దంచినా గదే కూలి" అని నవ్వేది. పోగు తెగి ఆమె ఆగితే నేనూ ఆగేవాణ్ని. అలా ఆగితే మాత్రం ఆమెకు కోపం వచ్చేది. "తెగింది నా పోగు. నీ తాళం తెగలే గద, ఎందుకాపినవ్?" అనేది. ఇంతకు మించిన సంగీత పాఠం నాకు తర్వాత ఎవరూ చెప్పలేదు.

నా బడి చదువు అయిపోయిన ఏడు బాపు నాకోసం కొత్త గుంట తవ్వించి మగ్గం పెట్టాడు. అప్పుడే పట్నంలో ఒక బ్యాండు మాస్టరు గిటారు నేర్పుతాను రమ్మన్నాడు. బాపుది మొండితనం కాదు, మూడో మగ్గం ఆడకపోతే ఇల్లు గడవదు. నేను అన్నం మానేశాను. అమ్మ ఏడ్చింది. మూడు రోజులు ఇలాగే గడిచాయి. ఆఖరికి అత్తే నోరు విప్పింది.

"వాణ్ని పోనియ్యి తమ్మీ. వాని మగ్గం గూడ నేనే నేస్త."

రెండు మగ్గాలు ఒక్క మనిషి ఎట్లా నేస్తదని బాపు అడిగాడు. పొద్దున ఒకటి, మాపున ఒకటి అంది. బాపు తల వంచుకున్నాడు.

బయలుదేరే రోజు అందరూ వాకిట్లోకి వచ్చారు, అత్త తప్ప. లోపలికి వెళ్లి చూస్తే కొత్త మగ్గంలో కూర్చుని నేస్తోంది. కాళ్లు మొక్కుదామంటే అవి గుంటలో ఉన్నాయి. వంగి, గుంట గట్టు మన్ను తాకి కళ్లకద్దుకున్నాను. ఆమె పోగున్న నాడెను అటూ ఇటూ విసరడం ఆపలేదు, తలెత్తనూ లేదు. బట్ట మాత్రం అప్పటికే జానెడు పెరిగింది.